ఒకే పొయ్యి లెక్క

ఆఫీసులో ఆమెను అందరూ సగటమ్మ అంటారు. అసలు పేరు జీతాల పట్టీలో ఉంది కానీ, దాంతో ఎవరికీ పనిపడదు. ఎవరు ఏ అంకె తెచ్చి ముందు పెట్టినా, "సగటు ఎంతొచ్చింది?" అని అడగడం ఆమెకు అలవాటు. టీ తెచ్చే మనిషి ఒకరోజు ఖాళీ గ్లాసులు ఏరుకుంటూ, "అమ్మా, ఈ గదిలో మనిషికి సగటున మూడు గ్లాసులు తాగారు. మీరు మాత్రం ఒక్కటే తాగారు. మీ వాటా ఎవరి కడుపులోకి పోయిందో చూసుకోండి" అన్నాడు. గది గదంతా నవ్వింది. ఆ పేరు ఆ రోజే ఖాయమైపోయింది. ఆమెకు కోపం రాలేదు సరికదా, ఏళ్ళ తరబడి తాము చేస్తున్న పనిని ఇతను ఒక్క ముక్కలో చెప్పేశాడే అని ఇంటికి వెళ్ళేదాకా ముచ్చటపడింది.

ఆ పనేమిటో చెప్పాలి. ఒకప్పుడు ఓ పెద్ద సామ్రాజ్యం ఉండేది. రాజులు పోయారు, కోటలు కూలాయి, జనాభా లెక్కల పుస్తకాలు మాత్రం మిగిలాయి. ఏ సీమలో ఎవరికి ఎంత భూమి, ఎవరు ఎంత పన్ను కట్టారు, ఏ పనివాడికి ఎంత కూలి ముట్టింది, ఇవన్నీ ముందేసుకుని ఆ రోజుల్లో ఉన్నవాడికీ లేనివాడికీ మధ్య ఎంత దూరమో సీమకో అంకె చొప్పున తేల్చాలి. సున్నా వస్తే అక్కడ అందరిదీ ఒకే తీరు బతుకు. ఒకటి వస్తే రాబడంతా ఒక్కడి ఇంట్లోనే ఉంది, తక్కినవాళ్ళు నోట్లో వేలేసుకుని చూస్తున్నారు. నిజం ఎప్పుడూ ఈ రెంటికీ నడుమ ఎక్కడో ఉంటుంది. వినడానికి ఇంతే. చేసేవాళ్ళకి తలప్రాణం తోకకొస్తుంది.

ఎందుకంటే, చచ్చిపోయినవాళ్ళని లేపి "ఏమయ్యా, నీకు నెలకెంత?" అని అడగలేం కదా. అందుకని ఆఫీసులో ఒక నియమం పెట్టుకున్నారు. ఇంటిని ఒక్కటిగా తీసుకోవాలి. ఇంటి మొత్తం రాబడిని ఆ ఇంట్లో ఉన్న తలకాయలతో భాగించి తలా ఇంత అని రాసుకోవాలి. అంటే, ఒక ఇంట్లో ఉన్నవాళ్ళు ఉన్నదాన్ని సమానంగా పంచుకుంటారని నమ్మాలన్నమాట. నమ్మక ఏం చేస్తారు? ఎవరి కంచంలో ఎంత పడిందో ఏ గుమాస్తా రాసిపెట్టాడు గనక.

నమ్మడానికి సగటమ్మకే కొంచెం కష్టంగా ఉండేది. ఆమె ఉండేది ఆఫీసువాళ్ళిచ్చిన క్వార్టర్స్‌లో, మూడో అంతస్తులో. రెండు గదులు, ఒక వంటిల్లు, ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకి తిరగాల్సినంత వరండా. తలుపు మీద పేరు ఆమెదే. లోపల మాత్రం తమ్ముడి సంసారం. అతను కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. అతని కొట్టూ ఇల్లూ ఉన్న భవనాన్ని పడగొట్టినప్పుడు, "రెండు నెలలు సర్దుకో అక్కా" అంటూ భార్యనీ ఇద్దరు ఆడపిల్లల్నీ వెంటపెట్టుకుని వచ్చాడు. అప్పుడు చంకలో ఉన్న చిన్నది ఇప్పుడు ఎక్కాలు అప్పజెబుతోంది. కొత్త కొట్టు ఊరికి అటు చివర దొరికింది. పాపం, రెండు బస్సులు మారి వెళ్ళొస్తాడు.

లోపలి గది తమ్ముడూ మరదలూ పిల్లలది. ముందుగదిలో పగలంతా మరదలు స్కూలు యూనిఫారాలు కుడుతుంది. సాయంత్రం అదే గదిలో పిల్లల చదువులు. అందరి పనులూ అయ్యాక, గుడ్డముక్కలు ఒక మూలకి ఊడ్చి, సగటమ్మ తన మడతమంచం వాల్చుకుంటుంది. తలుపు వేసుకుని ఒక్కతే కూర్చోగలిగిన చోటు ఆ ఇంట్లో స్నానాలగది ఒక్కటే. అక్కడా కాస్త ఆలస్యమైతే, "అత్తా, అయిందా? నాకు బస్సు వెళ్ళిపోతుంది" అని పెద్దది తలుపు బాదుతుంది.

మరదలు గయ్యాళిదైనా బాగుండేది. చెడామడా నాలుగు మాటలనుకుని ఎవరి దారి వాళ్ళు చూసుకునేవాళ్ళు. ఆమెకి నోట్లో నాలుక లేదు. వదిన ఆఫీసు నుంచి రాగానే మిషన్ ఆపేసి, "కూర్చోండి వదినా, కాళ్ళు లాగుతున్నాయేమో" అంటూ స్టూలు జరుపుతుంది. తమ్ముడు ఏ పండు తెచ్చినా మొదటి ముక్క అక్కకే. ఇంత మంచివాళ్ళ మధ్య ఊపిరాడటం లేదని ఎవరితో చెప్పుకోవాలి? చెబితే వింటారా? నీకేం తక్కువమ్మా అంటారు. ఆమె కూడా తనని తాను అదే మాట అనుకుని, మంచం మీద అటు తిరిగి పడుకునేది.

అలాంటి రోజుల్లో సరిహద్దు సీమ అంకె తేలింది. సామ్రాజ్యానికి ఒక చివర, సముద్రం పక్కన ఉన్న ప్రాంతం అది. రాజధానిలో, దాని చుట్టుపక్కల సీమల్లో తేడాలు భయంకరంగా ఉంటే, ఇక్కడ మాత్రం అంకె అన్నిటికన్నా కింద పడింది. సామ్రాజ్యం మొత్తమ్మీద జనం సమానంగా బతికిన చోటు ఇదేనని లెక్క చెప్పింది. ఆఫీసు పెద్ద అయిన ప్రొఫెసరుగారు కుర్చీలో నిలవలేకపోయారు. ఆయన ఆ సంగతి ఓ సభలో చెప్పగానే ఒక పెద్ద ట్రస్టు ముందుకొచ్చింది. ఆ సీమలోనే ఒక చిన్న ఆఫీసు తెరిచి, మూడేళ్ళు అక్కడి పాత పుస్తకాలన్నీ చదివించాలని. ఆ ఆఫీసుకి పెద్దగా ఎవరంటే, సగటమ్మ.

ఉండటానికి ఇల్లు కూడా ఇస్తారు. ఆ ఇంటి ఫోటో ఆఫీసుకొచ్చింది. పెద్ద ఇల్లేం కాదు. ఒక కిటికీ, కిటికీ కింద బల్ల, పక్కన వాల్చే ఉన్న మంచం. మడతపెట్టక్కర్లేని మంచం. ఆ ఫోటోని ఆమె ఎన్నిసార్లు చూసుకుందో, ఆ బల్ల మీద ఏ వైపు దీపం పెట్టుకోవాలో కూడా ఆలోచించేసుకుంది. వెళ్ళాలని ప్రాణం కొట్టుకుపోయింది. ఇంత వయసొచ్చాక ఒక కోరిక మనిషిని ఇలా పట్టి ఊపుతుందని ఆమె అనుకోలేదు.

అయితే ఆమె వెళితే క్వార్టర్స్ ఖాళీ చెయ్యాలి. రూలు రూలే. భోజనాల దగ్గర మెల్లగా విషయం చెప్పింది. తమ్ముడి చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "మంచిదే కదా అక్కా" అన్నాడు. మరదలు గబుక్కున లేచి వంటింట్లోకి పోయింది. ఆ తరువాత ఆ మాట ఎవరూ ఎత్తలేదు. ఇద్దరూ గదిలో గుసగుసలాడుకోవడం, ఆమె రాగానే ఆపెయ్యడం. వాళ్ళ గుండెల్లో రాయి పడిందని సగటమ్మ అనుకుంది. నా సుఖం కోసం పిల్లల్ని రోడ్డుమీద పెడుతున్నానా అని కుమిలిపోయింది. అయినా సరే, వెళ్ళనని మాత్రం ఆమె నోటి వెంట రాలేదు. ఈ ఒక్కసారికి పాపిష్టిదాన్నయినా పరవాలేదనుకుంది.

ఈలోగా ఆ సీమ గురించి రాసిన వ్యాసం అచ్చుకి వెళ్ళే సమయం వచ్చింది. ఆమె పేరుతోనే. పంపేముందు ఒకసారి మొదటినుంచీ సరిచూసుకోవడం ఆమె పద్ధతి. పాత లెక్కల పుస్తకంలో ఒక ఇంటి దగ్గర ఆగింది. యజమాని, భార్య, ముసలి తల్లి, ఇద్దరు కొడుకులు. వాళ్ళందరికీ పేర్లున్నాయి. వాళ్ళ కింద ఏడుగురు ఆడపిల్లలు, పేర్లు లేవు. పిల్ల, పదహారేళ్ళు. పిల్ల, పదహారేళ్ళు. పిల్ల, పదిహేనేళ్ళు. ఇన్నాళ్ళూ వీళ్ళంతా ఆ ఇంటి ఆడపిల్లలే, అక్కడివన్నీ పెద్ద సంసారాలు అనుకుంటూ వచ్చారు ఆఫీసులో. ఒక్క తల్లికి ఒకే ఈడు పిల్లలు అంతమంది పుట్టరు కదా. ఈ చిన్న విషయం ఇంతమందిమి ఉండి ఎలా చూడలేదని ఆమెకి ఒళ్ళు మండింది.

పక్క ఇల్లు చూసింది. అక్కడా అంతే. ఆ పక్క వీధి, ఆ పక్క ఊరు. సాయంత్రానికి సంగతి బోధపడింది. తక్కిన సీమల్లో గుమాస్తాలు గడపని బట్టి ఇల్లు లెక్కపెట్టారు. కూలివాడికి గుడిసె ఉంటే అది వేరే ఇల్లు. ఈ సీమ గుమాస్తాలు పొయ్యిని బట్టి లెక్కపెట్టారు. ఆ పొయ్యి మీద వండింది ఎవరు తింటే వాళ్ళంతా ఆ ఇంటివాళ్ళే. ఇంట్లో పడి ఉండే పనిపిల్లలు, పశువులు కాసేవాళ్ళు, కొనుక్కొచ్చిన మనుషులు, అందరూ. ఆఫీసువాళ్ళ నియమం తిన్నగా వెళ్ళి, దొరగారి రాబడినంతా ఆ తలకాయలతో భాగించేసి, తలా ఇంత అని పంచిపెట్టేసింది. సమానత్వం అలా వచ్చింది. యజమానుల్నీ పనివాళ్ళనీ విడదీసి మళ్ళీ లెక్క కట్టి చూస్తే, అన్నిటికన్నా కింద ఉన్న అంకె లేచి రాజధానిని కూడా దాటేసింది.

కిటికీ, బల్ల, వాల్చిన మంచం కళ్ళముందు తిరిగాయి. ట్రస్టు డబ్బిస్తున్నది ఎందుకు? సమానంగా బతికిన సీమ అని. ఆ మాట పోతే ఆఫీసు పోతుంది, ఇల్లు పోతుంది. ఎవరికీ తెలియదు. తను నోరు మూసుకుంటే ఎన్నటికీ తెలియకపోవచ్చు. ఆ రాత్రి మడతమంచం మీద ఆమెకి కంటిమీద కునుకు లేదు. దేవుడా, ఇంకో నెల తరువాత కనబడకూడదా ఇది అని ఏడ్చింది కూడా, పిల్లలు లేస్తారని దుప్పటి నోట్లో కుక్కుకుని.

మర్నాడు ప్రొఫెసరుగారి బల్ల మీద కాగితాలు పెట్టింది. ఆయన తెలివైన మనిషి. రెండో పేజీ తిప్పకముందే అర్థమైపోయింది.

"నిజమేనమ్మా" అన్నారు కళ్ళజోడు తీసి. "నేను కూడా ఆ వయసులు చూసి దాటిపోయాను. చూడాలనిపించలేదేమో."

"వ్యాసం ఆపేద్దాం సార్. నేను అక్కడికి వెళ్ళి, ఎవరు ఇంటివాళ్ళో ఎవరు పనివాళ్ళో విడదీస్తాను. ట్రస్టువాళ్ళకి అదే చెబుదాం."

"డబ్బిచ్చేవాళ్ళకి మంచి కథ కావాలి. తేడాలున్న సీమలు వాళ్ళకి ఇంటి పక్కనే బోలెడున్నాయి." ఆయన లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చారు. "నా మాట విను. నువ్వు వచ్చే నెల వెళ్ళిపోతావు. అక్కడ ఆరు నెలలు పని చెయ్యి. అప్పుడు కనిపెట్టినట్టు రాయి. వ్యాసం తప్పయిందని సవరణ వేద్దాం. అందరూ వేస్తారు. ఎవరికి నష్టం?"

చెప్పొద్దూ, ఆ మాటకి ఆమె మనసు ఎగిరి గంతేసింది. ఎవరికి నష్టం? నిజమే. అందరూ చచ్చిపోయి వందల ఏళ్ళయింది. సరే సార్ అనడానికి నోరు తెరిచింది కూడా. అంతలో బల్ల మీది కాగితంలో ఆ వరస మళ్ళీ కనబడింది. పిల్ల, పిల్ల, పిల్ల.

"నష్టం వీళ్ళకి సార్" అంది. "బతికినన్నాళ్ళూ వీళ్ళకి చిల్లిగవ్వ ఇవ్వలేదు. ఇప్పుడు మనం ఆ దొర సొమ్ము వీళ్ళ ఒళ్ళో పోసినట్టు రాసి, నీకేం తక్కువైంది, బాగానే బతికావు పో అంటున్నాం. నా పేరు పెట్టి నేను ఆ మాట అనలేను."

"ఆరు నెలలకే కదమ్మా."

"ఆరు నెలలైనా అనలేను. అలాంటి మాట పడటం ఎలా ఉంటుందో నాకు తెలుసు."

ఆయనకి కోపమొచ్చింది. నీ ఖర్మ అన్నారు. సాయంత్రం ఆయనే స్వయంగా ట్రస్టుకి ఉన్నదున్నట్టు రాశారు, అది ఆయన గొప్పతనం. వారం తిరక్కుండా జవాబొచ్చింది. చాలా మర్యాదగా ఉంది. ప్రస్తుతానికి ఆ ఆలోచన విరమించుకుంటున్నాం అని. చదివి సగటమ్మ, "సరే" అంది. తరువాత ఆ కాగితాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక చాలాసేపు చేతిలోనే పట్టుకుని నిలబడింది.

ఆ సాయంత్రం ఆమె బస్సు ఎక్కలేదు, నడుచుకుంటూ బయలుదేరింది. ఇంటికి వెళ్ళి ఏం చెప్పాలో దారిపొడుగునా తయారుచేసుకుంది. నేను వెళ్ళడం లేదు, మీరేం దిగులు పెట్టుకోకండి అనాలి. వాళ్ళ ముఖాలు వెలుగుతాయి. పోనీ, తను బందీగా ఉన్నందుకు ఆ నలుగురైనా నిశ్చింతగా ఉంటారు. ఈ బతుకింతే అని సరిపెట్టుకోవడానికి అదొక్కటే దొరికింది ఆమెకి. మూడంతస్తులూ ఎక్కింది.

తలుపు తీసేసరికి తమ్ముడు అప్పటికే ఇంట్లో ఉన్నాడు. ముందుగది నిండా మూటలు. మిషన్ మీద గుడ్డ కప్పి ఉంది. మరదలు యూనిఫారాలు పెట్టెల్లో సర్దుతోంది.

"అక్కా, కూర్చో. ఒక మాట చెప్పాలి" అన్నాడు తమ్ముడు. చిన్నప్పుడు ఏదైనా పగలగొట్టి వచ్చినప్పటి ముఖం పెట్టాడు. "ఇల్లు చూశాం. మా కొట్టుకి రెండు వీధులవతల. కింద వాటా. మిషన్‌కి వేరే గది ఉంది. అడ్వాన్సు కూడా ఇచ్చేశాను. ఆదివారం దిగిపోదామని."

"ఆదివారమా?" అంది సగటమ్మ. "నా గురించి ఇంత హడావిడిగా పిల్లల్ని ఎక్కడికో..."

"ఎక్కడికో కాదు వదినా" అంది మరదలు. ఆమె గొంతులో అంత హుషారు సగటమ్మ ఎప్పుడూ వినలేదు. "మూడేళ్ళ క్రితమే చూసిన ఇల్లది. అప్పుడే ఇస్తామన్నారు. ఈయనే వద్దన్నారు."

"మూడేళ్ళ క్రితమా? ఎందుకు వద్దన్నావురా?"

తమ్ముడు తల గోక్కున్నాడు. "నిన్ను ఒక్కదాన్నే ఎలా వదిలేస్తాం అక్కా? ఎవరున్నారు నీకు? సాయంత్రమైతే ఖాళీ ఇంటికి వస్తావు. జ్వరమొస్తే మంచినీళ్ళిచ్చే దిక్కుండదు. రెండు బస్సులు మారితే మారాన్లే అనుకున్నాను."

"మీరు ఏమైనా అనుకుంటారని నేనూ ఎప్పుడూ అనలేదు వదినా. ఇప్పుడు మీరే వెళ్తున్నారు కాబట్టి చెబుతున్నాను" అంది మరదలు, కళ్ళు తుడుచుకుంటూ. "లోపల ఆ గదిలో నలుగురం పడుకుంటే ఎటు తిరగడానికీ ఉండదు. ఒక్కోరోజు గోడకి తల బాదుకుందామా అనిపించేది. మీ ముందు నవ్వుతూ ఉండేదాన్ని. మీరు ఆ ఊరి మాట చెప్పిన రోజు నాకెంత సంతోషమేసిందో, అది ముఖంలో కనబడిపోతుందని వంటింట్లోకి పారిపోయాను. తప్పయితే క్షమించండి."

సగటమ్మకి కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. ఈ ఇంట్లో తానొక్కతే ఊపిరి బిగబట్టుకుని బతుకుతోందనుకుంది ఇన్నేళ్ళూ. ఒకరికోసం ఒకరు త్యాగం చేస్తున్నామనుకుంటూ, అందరూ కలిసి ఒకరినొకరు కట్టిపడేసుకున్నారు. నవ్వు కూడా వచ్చింది. నవ్వితే ఏడుపు ఆగదని పెదవి బిగించింది.

తమ్ముడు ఆమె ముఖంలోకే చూస్తున్నాడు. "ఏంటక్కా అలా ఉన్నావు? అక్కడేమన్నా తేడా వచ్చిందా? నువ్వు వెళ్ళకపోతే చెప్పు. ఇప్పుడే వెళ్ళి అడ్వాన్సు వెనక్కి తెచ్చేస్తాను. నువ్విక్కడ ఉంటే మేం ఎక్కడికీ కదలం."

మరదలి చేతులు పెట్టె మీద ఆగిపోయాయి. ఆమె ఏమీ అనదు. మిషన్ మీది గుడ్డ తీసేసి, రేపు పొద్దున మళ్ళీ నవ్వుతూ కూర్చుంటుంది.

"తేడా ఏం రాలేదు" అంది సగటమ్మ. "వచ్చే నెల మొదట్లో ప్రయాణం. రైలు టికెట్ కూడా ఆఫీసువాళ్ళే కొనేశారు."

"నిజంగానా?"

"నేనెప్పుడైనా తప్పు లెక్క చెప్పానా?"

తమ్ముడు హమ్మయ్య అని గోడకి చేరగిలబడ్డాడు. లోపలి గదిలో పిల్లలిద్దరూ కొత్త ఇంట్లో కిటికీ పక్కన ఎవరు పడుకోవాలో అప్పుడే పోట్లాడుకుంటున్నారు. మరదలు వచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

"మీరెళ్ళేదాకా ఈ ఇంట్లో ఒక్కరే ఉండాలి కదా వదినా. భయం వెయ్యదా?"

"వెయ్యదులే" అంది సగటమ్మ. "ఆ కత్తెర ఇలా ఇవ్వు. తాడు పొడుగ్గా ఉంది, మూట జారిపోతుంది."